చూసినవాడి మీద కెమెరా

మృగశిర కార్తె మొదటి మంగళవారం, సాయంత్రం అయిదూ పది. ఖమ్మం, మా ఇల్లు. ఉన్నవాళ్లు: నేను, నా భార్య సరోజిని, గోడ అవతలి వాటాలో కిరాయికి ఉంటున్న టీచరమ్మ, ఆమె అత్తగారు. నేను పాత డైరీలకు అట్టలు వేస్తున్నాను. గోడ అవతల టీవీ నడుస్తోంది. ఉన్నట్టుండి అందులో మాటలన్నీ ఆగిపోయి, బిందెలో నీళ్లు పడుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. నిండుతున్నకొద్దీ ఆ చప్పుడు సన్నబడింది. చివరికి నీళ్లు అంచు దాటి పొర్లిపోసాగాయి. ఎవరూ పంపు కట్టేయలేదు. నా చేతిలో కత్తెర ఆగింది.

"పంపు బందు చేయమనండి, నీళ్లన్నీ పోతున్నయ్" అంది సరోజిని.

"అది పంపు కాదు. మార్కండేయులు గారి సినిమా" అన్నాను.

ఆ పంపు దగ్గర నిలబడ్డ ఆడమనిషి ఎదురింట్లో జరుగుతున్న హత్యను చూస్తోంది. హత్య మనకు కనిపించదు. నిండిపోయిన బిందె కనిపిస్తుంది, దాన్ని ఎత్తడం మరిచిపోయిన ఆమె ముఖం కనిపిస్తుంది. మార్కండేయులు గారు తీసినవి మొత్తం ఆరు సినిమాలు. ఆరూ నేర కథలే. ఒక్కదాంట్లో కూడా కత్తి దిగడం చూపించలేదు. మొదటి సినిమాలో పత్తి మిల్లులో ఫోర్‌మన్‌ను చంపుతుంటే కెమెరా కాటా వేసే మనిషి మీదే ఉంటుంది. అతను బోరాలు తూస్తూనే ఉంటాడు, ముల్లు వంక చూస్తూనే ఉంటాడు. మూడో సినిమా బొగ్గు గనుల కాలనీలో నడుస్తుంది. అందులో భర్త చొక్కా ఉతుకుతున్న భార్యకు అంతా తెలుసు. ఏ సినిమాలోనైనా చంపిందెవరో ప్రేక్షకుడికి మొదటి పావుగంటలోనే తెలిసిపోతుంది. ఆ తరవాత రెండు గంటలూ మనల్ని కుర్చీలో కుదురుగా కూర్చోనివ్వని ప్రశ్న ఒకటే, చూసినవాడు నోరు తెరుస్తాడా లేదా అని. చివరికి పోలీసు వచ్చి, "ఆ టైముకు నువ్వు ఎక్కడున్నావ్?" అని అడుగుతాడు. జవాబు రాకముందే సినిమా అయిపోతుంది. మొదటి అయిదు సినిమాలూ అట్లాగే ముగిశాయి. పత్రికలవాళ్లు దాన్ని ఆయన శైలి అన్నారు. అది శైలి కాదని నాకు మధిర స్టేషన్లో తెలిసింది. ఆ సంగతి తరవాత రాస్తాను.

ఆయన పరిచయమయ్యేనాటికి నేను భద్రాచలం వెళ్లే దారిలో, అడవి అంచున ఒక మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటును. అక్షరం గుండ్రంగా ఉంటుందని పంచనామాలు నాతో రాయించేవారు. ఎక్కడైనా అనుమానపు చావు జరిగితే, ఊళ్లో నలుగురిని పిలిచి, అక్కడ కనిపించింది కనిపించినట్టు రాసి, వాళ్ల సంతకాలో వేలిముద్రలో తీసుకునే కాగితమే పంచనామా. షూటింగు అనుమతి కోసం వచ్చిన మార్కండేయులు గారు, తహసీల్దారు కోసం ఎదురుచూస్తూ, నా బల్ల మీది పాత పంచనామా ఒకటి తీసి చదివారు. నిలబడే చదివారు. రెండుసార్లు చదివారు.

"ఇది రాసిందెవరు?"

నేను లేచి నిలబడ్డాను.

"శవం కుడికాలికి చెప్పు ఉందని రాశావు. మరి ఎడమకాలికి?"

"లేదు సార్."

"లేదని ఎందుకు రాయలేదు?"

"లేనిది ఎట్ల రాస్తం సార్?"

"లేని దాంట్లోనే కదయ్యా కథంతా ఉంది! ఉన్నది ఎవడైనా చూస్తాడు."

నాకు ఒళ్లు మండింది. పదేళ్లుగా రాస్తున్నవాణ్ణి, సినిమా మనిషి వచ్చి తప్పు పడతాడా అనుకున్నాను. కానీ ఆ రోజు డైరీలో ఇలా రాసి ఉంది: "సినిమా ఆయన ఒకరు తప్పు పట్టారు. తప్పు నాదే." ఆ మరుసటి వారం రాసిన పంచనామాలో మొదటిసారి, "గుడిసెలో దీపం లేదు, వత్తి లేదు, నూనె సీసా లేదు" అని రాశాను. చీకట్లో మొఖాలు గుర్తుపట్టానన్న సాక్షిని ఆ ఒక్క వాక్యం పట్టుకుని కోర్టులో నిలదీశారని తరవాత విన్నాను.

నాలుగో సినిమా నుంచి ఆయన నన్ను పిలిపించుకునేవారు. సెలవు పెట్టి వెళ్లేవాణ్ణి. ఆయన పద్ధతి ఎవరికీ లేనిది. కథలో నేరం జరిగే చోటును ముందు నాకు చూపించి, నిజంగానే అక్కడ శవం దొరికినట్టు పంచనామా రాయించేవారు. ఆ కాగితం యూనిట్ అందరి ముందూ చదివాకే కెమెరా బయటికి తీసేవారు. నేను రాయని వస్తువు ఫ్రేములో కనిపిస్తే తీయించేసేవారు. "స్క్రిప్టుకు కోరికలుంటాయి. పంచనామాకు ఉండవు" అనేవారు. మెత్తని మనిషి కాదు. షాటు మధ్యలో ఎవరైనా దగ్గితే, "నీ దగ్గుకు డైలాగు రాయలేదు నాయనా" అని అందరిముందూ అనేవారు.

మధిర ఆయన సొంత ఊరు. ఒకసారి ఇద్దరం విజయవాడ బండి కోసం అక్కడి ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. నేను టీ తెచ్చిస్తే వద్దన్నారు. ఆ స్టేషన్లో ఆయన టీ తాగరట.

"ఆ మూడో స్తంభం దగ్గర ముగ్గురు కలిసి ఒకణ్ణి కొట్టి చంపారు నర్సింహం. నేను కాలేజీకి పోతున్నాను. ఇదిగో, ఇంత దూరంలో ఉన్నాను. చేతిలో టీ గ్లాసు."

"మీరేం చేసిన్రు సార్?"

"టీ తాగాను."

నా చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాను.

"పూర్తిగా తాగాను. గ్లాసు వెనక్కిచ్చి బండెక్కాను. చూసినవాళ్లు ఎవరూ లేరని మర్నాడు పేపర్లో వేశారు. ప్లాట్‌ఫారం నిండా జనమే ఉన్నాం."

బండి వచ్చింది. ఆయన దాని గురించి మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. సినిమాలు మాత్రం దాని గురించే తీశారు.

ఇప్పుడు అయిదో సినిమా సంగతి. మణుగూరు దాటాక అడవిలో, అప్పటికి నేను బదిలీ అయి వచ్చిన మండలంలోనే, ఒక వాగు ఒడ్డున షూటింగు. బీడీలు చుట్టే తునికాకు కోసే కాలం. ఆ రోజుల్లోనే, ఆకు కట్టలు కొనే కల్లం దగ్గర పనిచేసే కల్లేదారు ఒకతను కనిపించకుండా పోయాడు. పోలీసులు వెతుకుతున్నారు. మా కథలో చనిపోయేది కూడా ఒక కల్లేదారే. కథ ముందే రాసుకున్నది. దాన్ని మార్చాలని మా ఎవరికీ తోచలేదు.

సాక్షి వేషానికి మార్కండేయులు గారు పక్క గూడెంలోని ముత్తయ్యను తీసుకున్నారు. కోయవాడు, నలభై ఏళ్లుంటాయి. వాగు పక్కనే అడవి నరికి పోడు చేసుకుంటున్నాడు. ఆ చేనుకు కాగితం లేదు. ఏడాదికి రెండుసార్లు ఫారెస్టువాళ్లు వచ్చి చేను వదిలి పొమ్మనేవాళ్లు.

"సినిమాలో కూడా నీ పేరు ముత్తయ్యే. నీ పేరు నువ్వు చెప్పుకుంటేనే ముఖం అబద్ధమాడదు" అన్నారు మార్కండేయులు గారు.

"నేను నేనే అయితే ఇగ సిన్మా ఎందుకు సారూ?" అన్నాడు ముత్తయ్య. యూనిట్ అంతా నవ్వింది. మార్కండేయులు గారు అందరికంటే ఎక్కువ నవ్వారు.

పంచనామా నేను రాశాను. నిజమైన హద్దులే రాయమన్నారు, రాశాను. తూర్పు వాగు, పడమర ముత్తయ్య పోడు చేను, ఉత్తరం అడవి, దక్షిణం బండ్ల బాట. ఆ కింద ముత్తయ్య వాంగ్మూలం. మూడు రోజుల కిందట ఇదే చోట కల్లేదారును గొడ్డలితో నరకడం చూశాననీ, భయపడి ఎవరికీ చెప్పలేదనీ. ఇక సీలు కావాలి. ఆర్టువాళ్లు చేయించిన రబ్బరు సీలు చూసి, "ఇది నాటకం సీలు" అని పక్కన పడేశారు ఆయన. నేను మా ఆఫీసుకు పోయి, సొరుగు తాళం తీసి, అసలు సీలే వేసుకొచ్చాను. నన్నెవరూ అడగలేదు. కాగితం నిజంలా ఉండాలన్న పట్టుదల నాది.

రెండు ప్రతులు రాశాను. వేలిముద్ర వేసినవాడికి నకలు ఇవ్వడం నా నియమం. షాటు అయ్యాక రెండో ప్రతి మీద కూడా వేలిముద్ర తీసుకుని ముత్తయ్య చేతికిచ్చాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు. సీలు మీద వేలు పెట్టి చూశాడు.

"ఇండ్ల నా చేను పేరున్నదా సారూ?"

"ఉన్నది. పడమర హద్దు నీ చేనే."

అంతే చెప్పాను. మిగతాది చదివి వినిపించలేదు.

నాలుగో రోజు ఫారెస్టువాళ్లు చేను మీదికి వచ్చారు. ముత్తయ్య గుడిసె చూరులోంచి వెదురు గొట్టం తీసి, అందులో చుట్టిపెట్టిన కాగితం వాళ్ల ముందు పరిచాడట. "నా కాడ గుండ్రం సీలున్న కాయితమున్నది" అన్నాడట. వాళ్లు చదివారు. కల్లేదారును నరకడం చూశానని ఉంది. కల్లేదారు నిజంగానే కనిపించడం లేదు. గంటలో ముత్తయ్య ఠాణాలో ఉన్నాడు.

మాకు తెలిసి వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు. ముత్తయ్య భార్య జోగమ్మ గేటు బయట ఎండలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు, ఏడవలేదు. లోపల ఎస్సై కాగితాన్ని బల్ల మీద పెట్టి, దాని మీద పేపరువెయిటు పెట్టాడు.

"ఇది సినిమా కోసం రాయించిన కాగితం. రాయించింది నేను" అన్నారు మార్కండేయులు గారు.

"మీ సిన్మాలు నేను చూసిన సారూ. పోలీసోడు ఆఖరికొస్తడు, ఒక్క మాట అడుగుతడు, అయిపోతది. నాకు గట్ల కుదరదు." ఎస్సై సీలు మీద వేలు పెట్టాడు. "గీ సీలు ఏంది? ఎడమ దిక్కు అంచు విరిగి ఉన్నది. మండలాఫీసు నుంచి నాకొచ్చే ప్రతి కాయితం మీద గిట్లనే ఉంటది. సర్కారు సీలున్న కాయితం మీద ఓ మనిషి ఖూనీ చూసిన్నని వేలు పెట్టిండు. దొరకనోడు దొరకకనే పాయె. నేనేం జేయాలె?"

నేను నేల చూస్తున్నాను. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. నోరు తెరిస్తే ఒక్క మాట చాలు. తెరవలేదు.

"రేపు పొద్దుగాల ఎనిమిదింటికి వీణ్ణి జీపులో కోర్టుకు పంపుత. గీలోపు సీలు ఎక్కడిదో ఎవరన్న రాసిస్తే చూస్త" అన్నాడు ఎస్సై.

ఊచల వెనక నుంచి ముత్తయ్య నన్నే చూస్తున్నాడు. కోపంగా కాదు. ఆ కాగితంలో ఏముందో నాకు తెలుసు కాబట్టి నేనే చెప్తానన్నట్టు చూస్తున్నాడు.

ఆ సాయంత్రం, పొద్దు ఇంకా గుంకలేదు, మేం దిగిన బంగళా వరండాలో ఇద్దరమే కూర్చున్నాం. అప్పటికి నా కొలువుకు పన్నెండేళ్లు. సీలు దుర్వినియోగమంటే ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా.

"డైరీలో రాశావా?" అని అడిగారు.

"రాసిన సార్. 'సీలు వేశాను, రెండు ప్రతులు' అని."

"ఆ పేజీ చింపెయ్. సీలు నేనే దొంగతనంగా చేయించానని రాసిస్తాను. అంచు విరిగినట్టు కూడా నేనే చేయించానంటాను. సినిమావాడు ఏమైనా చేస్తాడంటే నమ్ముతారు."

"అబద్ధం గద సార్."

"ఇన్నేళ్లకు సాక్ష్యం చెప్పే అవకాశం వచ్చింది నర్సింహం. చెప్పనీ."

"అబద్ధపు సాక్ష్యం."

"అయినా సాక్ష్యమే" అన్నారు. లేనిది లేదని రాయమని నాకు నేర్పిన మనిషి, ఉన్నదాన్ని చింపేయమంటున్నారు. అది నా మీది ప్రేమో, ఆ మూడో స్తంభం మీది కసో ఆ రోజు నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. నేను గదిలోకి పోయి డైరీ తీసి ఆ పేజీ పట్టుకున్నాను. కుట్టు దగ్గర చిన్న చిరుగు పడింది. అక్కడితో ఆపాను. ఆ చిరుగు ఇప్పటికీ ఉంది.

ఆ తరవాత జరిగినవి ముందే చెప్పేస్తాను. కల్లేదారు పది రోజులకు తనంతట తానే తిరిగొచ్చాడు. ఇంట్లో పోట్లాడి వాగు అవతల చెల్లెలింటికి పోయాడట. నన్ను కొన్ని నెలలు సస్పెండు చేశారు. ఇంక్రిమెంటు కోసి, మళ్లీ తీసుకున్నారు. అడవిలో షూటింగు అనుమతి రద్దయింది. మార్కండేయులు గారు అయిదో సినిమాను పంచనామా సీను లేకుండానే ముగించారు. ఆరోదే ఆఖరిది. అందులో చివర పోలీసు ఎప్పటిలాగే, "ఆ టైముకు నువ్వు ఎక్కడున్నావ్?" అని అడుగుతాడు. తెర వెంటనే చీకటి కాదు. ఆ మనిషి జవాబు చెప్తాడు, పూర్తిగా, నాలుగు నిమిషాలు. ఆయన చేవ తగ్గిందని పత్రికలు రాశాయి. ఆయన నవ్వి ఊరుకున్నారు. రెండేళ్లకు పోయారు. నేను రిటైరయ్యేదాకా, చదువురాని మనిషి నా కాగితం మీద వేలు వేయాలంటే మొదటి అక్షరం నుంచి చివరిదాకా బయటికి చదివాకే. బల్ల ముందు ఎంతమంది నిలబడి ఉన్నా సరే. ఆఫీసులో నాకు 'పారాయణం నర్సింహం' అని పేరు పెట్టారు. ఆ పేరు ఎట్లా వచ్చిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ మర్నాటి ఉదయం ఠాణాలో ఉన్నది ఏడుగురమే.

ఉన్నవాళ్లు: ఎస్సై, ఠాణా కాగితాలు రాసే రైటరు, సెంట్రీ, ముత్తయ్య, జోగమ్మ, మార్కండేయులు గారు, నేను. సమయం ఏడూ నలభై అయిదు. నాకంటే ముందే ఆయన వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఆయన రాసిచ్చిన కాగితం అప్పటికే ఎస్సై బల్ల మీద ఉంది. నేను ఆయన వంక చూడకుండా వెళ్లి డైరీ తెరిచి దాని పక్కనే పెట్టాను. ఎస్సై చదివాడు.

"సీలు మీరేసిన్రా?"

"అవ్ సార్."

"నౌకరీ పోతది, ఎరికేనా?"

"ఎరికే."

ఎస్సై రెండు కాగితాలూ మార్చి మార్చి చూశాడు. "అందరు నేను జేయలే అంటరు. మీ ఇద్దరేమో నేనంటే నేనని కొట్లాడుతున్నరు. ఇట్లాంటి కేసు నా సర్వీసుల చూడలే." మార్కండేయులు గారి వైపు తిరిగాడు. "ఏంది సారూ, మీ కాయితమేం జేయమంటరు?"

"చింపేయండి. అది అబద్ధం" అన్నారు ఆయన. చాలా అలసిపోయినట్టు అన్నారు.

ముత్తయ్యను బయటికి తెచ్చారు. రైటరు గబగబా విడుదల కాగితం రాసి సిరా డబ్బా జరిపాడు. "ఏలు వెయ్యి, పో."

ముత్తయ్య పిడికిలి బిగించి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఎయ్య."

"ఎయ్యకుంటే ఇడువం."

"ఇడువకుండ్రి. మొన్న గూడ గిట్లనే ఏసిన."

గుమ్మంలోంచి జోగమ్మ అరిచింది. "ఎయ్యి! జీపు స్టార్టు జేస్తున్నరు, ఎయ్యి!" నిజంగానే బయట జీపు ఇంజను శబ్దం వినిపిస్తోంది. ముత్తయ్య కదల్లేదు.

"నేను చదువుత, విను" అన్నాను.

"మొన్న సదవలే గద సారూ."

"చదవలే. తప్పు నాదే."

చదివాను. 'సదరు ముత్తయ్య తన ఇష్టపూర్వకంగా ఠాణాకు హాజరై' అన్న దగ్గర అతను చెయ్యెత్తాడు.

"నేను రాలే. తోల్కొచ్చిన్రు."

రైటరు ఎస్సై వంక చూశాడు. ఎస్సై గోడ గడియారం వంక చూసి, "కొట్టెయ్" అన్నాడు. "తీసుకొచ్చినం అని రాయి."

"యాడికెల్లి తోల్కొచ్చిన్రో గూడ రాయుండ్రి" అన్నాడు ముత్తయ్య. "నా చేనుకాడికెల్లి."

"నీ చేనా? అది ఫారెస్టు భూమి."

"మీ జీపు వచ్చింది ఆడికే గద సారూ."

రైటరు కలం గాలిలో ఆగిపోయింది. ఎస్సైకి అర్థమైంది, నాకూ అర్థమైంది. ఇది మాత్రం నిజం కాగితం, చేను అతనిదని పోలీసులే రాసినట్టవుతుంది.

"'తన పోడు చేను వద్ద నుండి' అని రాయి" అన్నాడు ఎస్సై, ఎవరి వంకా చూడకుండా.

మళ్లీ మొదటి నుంచి చదివాను. ముత్తయ్య తల వంచి ప్రతి మాటా విన్నాడు. పిడికిలి విప్పి వేలు వేశాడు. సాక్షి సంతకం దగ్గర ఖాళీ ఉంది. రైటరు కాగితాన్ని మార్కండేయులు గారి ముందుకు తోశాడు. ఆయన జేబులోంచి కలం తీశారు, మూత తీశారు, ఆగారు.

"నేను చూశాను కదా?" అని నన్ను అడిగారు.

"చూసిన్రు సార్" అన్నాను.

ఆయన సంతకం చేశారు.